పాలీషు

తాడిపత్రిలో పాలీషంటే
ముందు బండే గుర్తొస్తాది.
నల్ల బండ. వంగితే ముఖం కనపడే బండ.
మా యమ్మ పెండ్లినాడు పరిచింది
ఇప్పటికీ మెరుస్తానే ఉంది.
గోటి మీద పాలీషే,
సోమవారం మిషను కాడికి పోతే
బుధవారానికి అంచులు తెల్లబడ్తాది.

కొత్తగా పనికొచ్చిన గంగరత్న అడిగింది:
"నీది మాత్రం కూలి ఇచ్చే దినం దాకా
ఎట్ల నిలుస్తాదక్కా?"

ఆదివారం రా, చెప్తా.
అంట్లూ గుడ్డలూ అన్నీ అయిపోయినాకనే రా.
నీళ్ళు తాగిన గోరు ఉబ్బుతాది మేయ్,
ఆరినాక ముడుచుకుంటాది.
పైనున్న రంగు పగలక ఏం చేస్తాది?

ముందు తలనూనె జిడ్డు పోవాల.
నూడుల్స్ బండి రఫీని అడిగి
మూతెడు వెనిగర్ తెచ్చి పెట్టినా.
వత్తుల దూదితో అద్ది తుడువు.
ముక్కు మూసుకుంటే మూసుకో,
ఈ మెట్టు మాత్రం దాటాకు.

సీసాను ఊపాకు.
అరచేతుల నడుమ దొర్లించు, సంగటి ముద్ద చుట్టినట్ల.
ఊపితే బుడగలొస్తాయి,
బుడగ పగిలిన కాడ్నే రంగు లేస్తాది.

పూత పల్చగా ఉండాల.
ఎంత పల్చగా అంటే
మా ఓనరు పోయించే టీ అంత.
ఒకటి వేసి, ఒక సీరియల్ అయ్యేదాకా కూర్చో.
అప్పుడు రెండోది.
గోటి కొసను కూడా చుట్టు,
చేనికి గట్టు వేసినట్ల.
నీళ్ళు దూరేది ఆడ్నుంచే.

పైన అద్దం మాదిరి పూత ఒకటి.
బుధవారం రాత్రి మళ్ళీ అదే, ఒక్కసారి.

ఎండాకాలం ఈడ రంగు ఆరదు, ఉడుకుతాది.
అందుకే నా సీసా ఉండేది
కుండ కింద తడి ఇసకలో.
రబ్బరు తొడుగులు ఇస్తానని ఓనరు
రెండేండ్ల నుంచీ చెప్తానే ఉన్నాడు.
నేనే కొనుక్కున్నా, నలభై రూపాయలు.
కుడి చేతిది అప్పుడే చినిగింది.

ఇదంతా నాకు బండనే నేర్పింది.
అరవై నంబరు రాయి, నూటిరవై,
రెండొందలిరవై, నాన్నూరు,
దేని వంతు దానికియ్యాల.
హెడ్డు ఓబులేసు అంటాడు,
నంబరు దాటేసినోని బండ
నాలుగు దినాలకే మబ్బు పడ్తాదని.

పక్కింటి హాజీరాబీ వేసుకోదు.
నమాజుకు ముందు నీళ్ళు గోటికి తగలాలంట.
ఆమెకు మైదాకే.
అయినా ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటాది.
నా వేళ్ళు తడిగా ఉంటాయి కదా,
సీసా మూత బిగించేది ఆమెనే.

గంగరత్న నా చేతుల్ని ఎగాదిగా చూసింది.
"తొమ్మిదే వేసినావు గదక్కా?"

ఎడమ చేతి చిటికెన వేలు.
పోయినేడు లారీకి బండలెత్తేటప్పుడు
ఒకటి జారింది.
గోరు ఊడి, నల్లబడి,
ఆర్నెల్లకు మళ్ళీ మొలిచింది.
మొలిచింది గానీ గరుకు.
గాళ్ళు గాళ్ళుగా,
మిషనెక్కని బండ మాదిరి.
శానా దినాలు కొంగులోనే దాచినా దాన్ని.
బస్సులో టికెట్టు డబ్బులు కూడా
కుడి చేత్తోనే ఇచ్చేదాన్ని.

ఒక ఆదివారం సీసాలో రొంత మిగిలితే
పారేయడమెందుకని దానికీ పూసినా.
శనివారం చూస్తే
తొమ్మిదింటికీ కొసలు పోయినాయి,
దానికి పోలే.
వారం పోయినా పోలే.
నునుపైన గోటికి రంగు పైపైన్నే ఉంటాది,
దీని గాళ్ళల్లోకి దిగి కూర్చుంది.

నాకు తెలిసిన కిటుకులన్నీ చెప్పినా గంగరత్నా.
ఇదొక్కటి ఎవురికీ నేర్పేది కాదు.

మూత ఇట్ల తే, దానికీ వేస్తా.
నువ్వు చేతులు కదిలించాకు.
ఇంకా ఆరలే.